అలుగు మీద మన్ను

ఆ రోజుల్లో నాకు తెలుగు మొత్తం వచ్చు. ఇప్పుడు కొంత వచ్చు. మిగతాది ఎక్కడ పోయిందని అడుగుతారేమో. ఒక వేసవి మధ్యాహ్నం మూడక్షరాల మాటొకటి నా పాండిత్యానికి గండి కొట్టింది, ఆ గండిలోంచి పోయింది. అంతకుముందు మాత్రం నా అంతటిదాన్ని నేనే. కాలేజీలో వ్యాసరచన పోటీల్లో నేను గెలుచుకున్న స్టీలు గిన్నెల్లోనే మా అమ్మ చాలాకాలం పప్పు వండింది. వండినప్పుడల్లా "ఇది మా చిన్నదాని తెలుగు" అని వచ్చినవాళ్లకు గిన్నె చూపించేది. పప్పు తినిపోయేవాళ్లు నా తెలుగు బాగుందని మెచ్చుకునేవారు.

ఆ తెలుగునే నమ్ముకుని, గోదావరి కాలువల పక్కనున్న మా ఊరి నుంచి శంషాబాద్‌లోని మా అక్కాబావల ఇంటికి వచ్చి పడ్డాను. (బావ ఎయిర్‌పోర్టులో సరుకుల లారీల దగ్గర పనిచేసేవాడు. రోజూ విమానాల నీడలో బతుకుతూ ఒక్కసారీ విమానం ఎక్కని మనిషి. "వంటవాడికి ఆకలుండదు" అని సర్దిచెప్పుకునేవాడు.) ఆర్నెల్లు అక్క వండిపెట్టింది తిన్నాక, బస్టాండు వెనక ఒక మేడ మీద నడిచే వారపత్రికలో కొలువు దొరికింది. పత్రికంటే ఎనిమిది పేజీలు. అందులో ఐదు ప్లాట్ల ప్రకటనలు, ఒకటి పుట్టినరోజు శుభాకాంక్షలు. మిగిలిన రెండు పేజీలకూ సంపాదకుడు, అచ్చుతప్పులు దిద్దేవాడు, అచ్చుతప్పులు చేసేవాడు అన్నీ ఒకాయనే. ఆయన్ని నేనూ, టైపు చేసే అమ్మాయీ చాటుగా 'కామా గారు' అని పిలుచుకునేవాళ్లం. వాక్యం కనబడితే చాలు, నాలుగు కామాలు పెట్టందే ఆయనకు అన్నం సహించదు. "పాఠకుడికి, కాస్త, ఊపిరి, ఆడాలమ్మా" అని మాటల్లో కూడా పెట్టేవారు. ఆయనదీ మా గోదావరి వైపే. అది నా అదృష్టమని అప్పట్లో మురిసిపోయాను.

కామా గారు 'నీటి ఒడ్డున మన ఊళ్లు' అని కొత్త శీర్షిక మొదలుపెట్టి, మొదటి ఊరు నాకు అప్పగించారు. తొండుపల్లి దాటి లోపలికి పోతే, చెరువును ఆనుకుని ఉండే ఊరు. (పేరు చెప్పను. చెబితే వాళ్లు నన్ను గుర్తుపట్టి మళ్లీ మొదలుపెడతారు.) మామూలుగా ఊరికి చెరువుంటుంది, ఇక్కడ చెరువుకు ఊరుంది. ముందు కట్ట పోసిన మట్టిపనివాళ్లు దిగారట, తర్వాత చేపలు పట్టేవాళ్లు, ఆ తర్వాత తడి చూసి రైతులు, రైతుల్ని చూసి మిగతా అందరూ. అందుకే ఇప్పటికీ కట్టకు దగ్గరగా ఉన్న ఇల్లే పాత ఇల్లు, పెద్ద ఇల్లు కాదు. అక్కడ ఎవరైనా ఎదురైతే బాగున్నావా అని అడగరు, "నీళ్లెంతున్నయ్?" అంటారు. అడిగినాయన చెరువు గురించి అడుగుతున్నాడో, మనింటి బిందె గురించి అడుగుతున్నాడో, ఒంట్లో సత్తువ గురించి అడుగుతున్నాడో మనమే తేల్చుకోవాలి. అన్నిటికీ ఒకటే జవాబు: "ఉన్నయ్ జర." ఇక విమానాలు. దిగే విమానం ఊరి నెత్తి మీదుగా పోతుంది. అది వచ్చినప్పుడు ఊరంతా మాట ఆపేసి, అది పోయాక ఆపిన అక్షరం దగ్గర్నుంచి మళ్లీ అందుకుంటుంది. "వంకా..." అని ఆగిపోయిన కూరగాయలామె, విమానం దిగాక "...యలు" అనడం నేను చెవులారా విన్నాను. అప్పటికే సగం ఇళ్లు ఎయిర్‌పోర్టు పనివాళ్లకు కిరాయికిచ్చేశారు. చెరువు అటు చివర ఎవరో ఒకాయన కొత్తగా ఫంక్షన్ హాలు కట్టి, దానికి 'లేక్ వ్యూ' అని బోర్డు పెట్టాడు. వేసవి కదా, నీళ్లు నడిమధ్యకు పోయాయి. చెరువు లేక, వ్యూ మాత్రం ఉంది.

నన్ను కట్ట మీద తూము దగ్గరికి తీసుకుపోయింది ఆ ఊరి సర్పంచి. ముప్పయ్యేళ్ల మనిషి, మాట చురుకు. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది. తూము రాతి మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన నీరటి. అంటే తూము తెరిచి, మూసి, ఏ పొలానికి ఎన్ని గడియలు నీళ్లు పోవాలో చూసే మనిషి. తాతల కాలం నుంచి వాళ్లింటిదే ఆ పని. తడిపే పొలాలు ప్లాట్లయ్యాక పని పోయింది గానీ మనిషి అక్కణ్ణుంచి లేవలేదు. "తాతగారూ, నమస్కారమండీ" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

"నిన్నే తాతా," అంది సర్పంచక్క నవ్వుతూ. "పేపరామె. మన ఊరి కత రాస్తదంట."

"గట్లనా. గారు గీరు ఎందుకు బిడ్డా, బరువైతది. కూసో."

కూర్చున్నాను. నోటుబుక్కు తీశాను. ఆ తర్వాత జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మరిచిపోవాలని ఎంత ప్రయత్నించానో కూడా గుర్తుంది.

"మా చెరువు అలుగు పడ్డదంటె ఇగ సూడాలె," అన్నాడు తాత. "ఊరు ఊరంత కట్ట మీదనే ఉంటుండె. ఆడోళ్లు పసుపు కుంకుమ ఏస్తుండె. మైసమ్మకు యాటను కోస్తుంటిమి."

(తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుకోవచ్చు. తెలియనివాళ్లకు చెబుతున్నాను: చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు కట్టను తెంచకుండా బయటికి పోవడానికి, కట్ట చివర రాళ్లతో కట్టిన దారిని అలుగు అంటారు. మా వైపు నీళ్లు కాలువల్లో వచ్చి లాకుల దగ్గర ఆగుతాయి. మాకు తెలిసిన అలుగు ఒక్కటే: పండక్కి చీర కొనకపోతే మా అమ్మ అలుగు.)

"చెరువు అలుగుతుందా!" అన్నాను పరవశించిపోయి.

"అలుగు పడకపోతె యెట్ల? వానలు మంచిగ పడితె అలుగు పారుడే."

వానలు పడితే ఎందుకు అలగాలో నాకు అర్థం కాలేదు గానీ, కోపం కట్టలు తెంచుకోగా లేనిది అలక పారడానికేం అనుకున్నాను. "ఎన్నాళ్లుంటుంది తాతగారూ, ఆ అలుగు?"

"పదేను దినాలుంటది. ఒగ్గొక్క ఏడాది నెల."

నా జీవితంలో నా అలక రెండు పూటలు దాటలేదు, మూడో పూటకు ఆకలేసేది. నెల రోజులు అలిగే చెరువు మీద నాకు భక్తి కలిగింది. మేక ఎందుకు కోస్తారో కూడా తేటతెల్లమైంది: బతిమాలడానికి. ఇంతలో సర్పంచక్క గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

"చెల్లె, ఇది గట్టిగ రాయాలె. గా ఫంక్షన్ హాలాయన కార్లు పెట్టుకునేటందుకని మా అలుగు మీద మన్ను పోసిండు. ఇగ పెద్దవాన పడితె నీళ్లు దిగువ వాడల ఇండ్లల్లకే. నలభై ఇండ్లు. నీళ్ల ఇంజనీరు సారు బేస్తారం వస్తా అన్నడు గని, సర్కారు నక్షల గీత మాసిపోయింది, ఈడ అలుగు ఉన్నదని ఏం రుజువంటుండు. పేపర్ల పడితె సారు మొకం మీద పెట్టొచ్చు."

నేను బుద్ధిగా రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంటుంది: 'అలుగు మీద మన్ను పోయుట - జాతీయం. ఒకరి బాధను బొత్తిగా లెక్కచేయకపోవుట. ఉదా: వాళ్లు మా అలుగు మీద మన్ను పోశారు.' పక్కన 'ఆహా' అని కూడా రాసుకున్నాను. అలిగిన చెరువును అవమానిస్తే ఇళ్లు ముంచుతుందన్నది వాళ్ల నమ్మకమనీ, ఎంత ప్రాచీన నమ్మకమో అనీ అనుకున్నాను.

తాత లేచి చేతికర్ర అందుకున్నాడు. "రా బిడ్డా, అలుగు సూపెడత. గా కొసకున్నది."

అలకను చూపించడమేమిటని నాకు నవ్వొచ్చింది. కట్ట చాలా పొడవు, ఎండ మండిపోతోంది, అక్క ఆ రోజు పులస కాకపోయినా ఏదో ఒక చేప వండుతానంది. "వద్దులెండి తాతగారూ, నాకు అర్థమైపోయింది," అన్నాను. ఆయన మళ్లీ మెల్లగా కూర్చున్నాడు.

ఆ రాత్రంతా రాశాను. శీర్షిక: 'అలిగే చెరువు'. 'ఈ ఊరి చెరువు ఒక ఆడపడుచు. వాన చినుకు తాకిందంటే అలుగుతుంది. ఆమె అలక తీర్చడానికి ఊరంతా పసుపు కుంకుమలతో కట్టెక్కుతుంది. నేడు ఆమె బాధను పట్టించుకునే నాథుడు లేడు' అని మొదలుపెట్టి, ఇంకా చాలా దూరం పోయాను. కామా గారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఇన్నేళ్లలో, ఇలాంటి, చెరువును, చూడలేదు" అన్నారు. పదిహేడు కామాలు చేర్చి, మొదటి పేజీలో వేశారు.

గురువారం, అంటే వాళ్ల బేస్తారం, పొద్దున్నే ఇరవై కాపీలు చంకన పెట్టుకుని, ఇంజనీరు సారుకంటే ముందే కట్ట మీదికి చేరాను. దిగువ వాడ మొత్తం అక్కడే ఉంది. ఆశతో ఎదురుచూసే మొహాలు ఎలా ఉంటాయో నేను వ్యాసాల్లో చాలాసార్లు వర్ణించాను. ఎదురుగా చూడటం అదే మొదలు. సర్పంచక్క కాపీ లాక్కుని, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికి గొంతు తడబడింది. మూడో వాక్యం దగ్గర ఆగి నన్ను చూసింది.

"చెరువు అలిగుడేంది చెల్లె?"

"మరి... అలుగు పారుతుంది అన్నారు కదా..."

ఆ తర్వాత చూడాలి. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకాయన కట్ట మీదే కూలబడ్డాడు. "ఓ మల్లక్కా, చెరువమ్మ అన్నం తింటలేదంట, జర బుదరకిచ్చి బతిమిలాడరాదు!" అని ఒకరు, "గందుకేనా యాట? నేనింక మనం తినేటందుకనుకున్న!" అని ఇంకొకరు. నవ్వి నవ్వి అందరూ ఒక్కసారే ఆగిపోయారు. ఎందుకంటే చూసి నవ్వుతున్న కాగితమే వాళ్ల రుజువు. అది తప్ప వాళ్ల చేతిలో ఇంకేమీ లేదు. సర్పంచక్క పేపరు మడిచి, మళ్లీ మడిచి, అరచేతిలో పట్టేంత చేసింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"ఏమనకుర్రి," అన్నాడు నీరటి తాత. ఆయన ఒక్కడే నవ్వలేదు. "పిల్లకు తెల్వది. సూపెడత అన్న, సూపెట్టకపోతి. తప్పు నాది."

చూస్తానని లేవాల్సింది నేను. ఆ ముక్క అందామనుకున్నాను. మొత్తం తెలుగు వచ్చిన నాకు ఆ ఒక్క వాక్యం రాలేదు.

అంతలో జీపు వచ్చింది. ఇంజనీరు సారు చెడ్డవాడేం కాదు, అలసిన మనిషి. చంకలో మిగిలిన కాపీల్లో ఒకటి నేను దాచేలోగా ఆయనే తీసుకుని చదివాడు. "బాగ రాసిండ్రమ్మా," అన్నాడు గంభీరంగా. "గని చెరువుకు కోపమొచ్చిందని నేను ఫైలుల యెట్ల రాయాలె?" తర్వాత సర్పంచక్కతో అన్నాడు: "నాకు మంఖాల్ దిక్కు ఇంకో చెరువు ఉన్నది. అరగంట ఆగుత. మన్ను కింద అలుగు బండ ఉంటె తీసి సూపెట్టుర్రి, రాస్త. లేకుంటె లేదు."

ఫంక్షన్ హాలు వైపంతా ఒకే రకం చదును. మట్టి, కంకర, దాని మీద సున్నంతో గీసిన కార్ల గీతలు. ఎక్కడని తవ్వాలి? అందరూ తాతను చూశారు. "తూము కాడికెల్లి మూడు వందల ఇరువై అడుగులు," అన్నాడు ఆయన వెంటనే. "మా బాపు లెక్క. నేను వెయ్యిసార్లు నడిచిన." కర్ర ఊతంగా లెక్కబెడుతూ బయల్దేరాడు. ఇరవై అడుగులేసి ఆగిపోయాడు. వెనక్కి చూసుకున్నాడు. ఆయన మొహంలో నేను భయం చూసింది అప్పుడే.

"కాదు," అన్నాడు. "అడుగులు పొట్టిగైనయ్. గప్పుడు నేను పడుసోణ్ణి. గీ కాళ్లతోని పోతె నడిమిట్లనే ఆగిపోత."

ఎలా ముందుకొచ్చానో తెలియదు. "తాతా, నేను నడుస్తాను. మీ అడుగు ఎంతుండేదో చెప్పండి." గారు అనడం మర్చిపోయానని తర్వాత తెలిసింది.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "పొడుగ్గనే ఉన్నవ్," అన్నాడు. చెప్పులు విడిచి, పేపర్లు కట్ట మీద పడేసి, తూము దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆయన నా పక్కన కర్ర కొట్టుకుంటూ అరుస్తూ వచ్చాడు. "జర పొడుగెయ్యి బిడ్డా, నేను గిట్ల పెండ్లికూతురోలె నడుస్తుంటినా? భుజం మీద పార ఉన్నదనుకో. నీళ్లు ముందట ఉరుకుతున్నయనుకో. ఆఁ, గదీ! గిప్పుడు నా లెక్కనే నడుస్తున్నవ్!" నూట ఎనభై దగ్గర ఆయనకు ఆయాసమొచ్చి వెనకబడ్డాడు, అరుపులు మాత్రం ఆగలేదు. వెనకే దిగువ వాడంతా లెక్కబెడుతోంది. రెండు వందల నలభై ఏడు దగ్గర విమానం వచ్చింది. నేను అలవాటు లేక లెక్క తప్పాను గానీ వాళ్లు తప్పలేదు. అది పోయాక ఊరు ఊరంతా ఒక్క గొంతుతో "రెండు వందల నలభై ఎనిమిది" అంది.

మూడు వందల ఇరవయ్యో అడుగు ఒక కారు గీత మధ్యలో పడింది. పారలు దిగాయి. నేనూ ఒకటి అందుకున్నాను. (పార పట్టడం నాకు రాదు. మొదటి దెబ్బ నా కాలి వేలి మీదే పడి గోరు లేచింది. నేను రాసిన దానికి ఆ మాత్రం కామా పడాల్సిందే.) మోకాలి లోతు తవ్వినా మట్టే. సారు గడియారం చూసుకున్నాడు. తాత వచ్చి, గుంట అంచున కూర్చుని, మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూశాడు. "గీడనే," అన్నాడు. "ఇంకో మూరెడు. చెరువు దిక్కు." ఆ మూరెడు జరిగాక ఎవరి పారో ఠంగుమంది. చేతులతో మట్టి తోస్తే, ఉలితో చెక్కిన నల్లటి బండ అంచు బయటపడింది. దాని పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. నీళ్లు పారి పారి పైన నున్నగా అరిగిపోయి, మా అమ్మమ్మ రోలులా మెరుస్తున్నాయి. సారు గుంటలోకి దిగి, బండ మీద చెయ్యి పెట్టి చూసి, ఫోన్లో ఫొటోలు తీసుకుని, జీపు బానెట్ మీదే కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే మట్టి ఎత్తించేశారు. ఫంక్షన్ హాలాయన కార్లు రోడ్డు పక్కకు పోయాయి. మా పత్రికలో సవరణ కూడా పడింది. 'అలుగు, అనగా, చెరువు, యొక్క, మిగులు నీరు, పోవు, దారి' అని కామా గారే స్వయంగా రాశారు. అది చదివి ఊపిరాడినవాళ్లు ఎవరో నాకు తెలియదు.

ఆ ఏడు వానలు అంతంతమాత్రం. మరుసటి ఏడు భాద్రపదంలో, మూడు రోజులు ఎడతెగని వాన తర్వాత, పొద్దున్నే సర్పంచక్క ఫోన్ చేసింది. "చెల్లె, పడ్డది" అని పెట్టేసింది. ఏం పడ్డదో నేను అడగలేదు. దొరికిన ఆటో ఎక్కి పోయాను. బండల మీద నుంచి నీళ్లు పలచగా, అద్దంలా దుంకుతున్నాయి. దిగువ వాడ ఇళ్లు పొడిగా ఉన్నాయి. వాటి మనుషులు మాత్రం తడిసి ముద్దయి అలుగులో గంతులేస్తున్నారు. తాత అంచు బండ మీద పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే ఆయన కళ్లకు పొర కమ్మింది. వెలుగూ చీకటీ తప్ప తెలిసేవి కాదు. పక్కన కూర్చుని నా పాదాలూ నీళ్లలో పెట్టాను.

"ఎవలు? పేపర్ బిడ్డనా? యెంత మందం పారుతున్నది, జర సూసి చెప్పు."

వంగి, అరచెయ్యి నిలబెట్టి కొలిచాను. "జానెడు, తాతా. జానెడు కంటే రెండు వేళ్లు తక్కువ."

"నీ జానెనా, నాదా?"

ఆయన చెయ్యి పట్టుకుని నీళ్లలో నిలబెట్టాను. ఆయన వేళ్ల సందుల్లోంచి చెరువు పారుతోంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత అన్నాడు: "ఇగ రాయి, బిడ్డా. గిప్పుడు రాయి."

సంచి తడుముకున్నాను. నోటుబుక్కు లేదు, కలం లేదు. హడావిడిలో ఇంట్లోనే వదిలేసి వచ్చాను. జీవితంలో ఒక్కసారైనా తెలిసిన సంగతి రాద్దామనుకున్న రోజున చేతిలో తడి తప్ప ఏమీ లేదు. రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆయన లేడు, చదివి వినిపించడానికి. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంత గొప్పగా, అంత గట్టిగా, అన్ని మాటలు వాడిన ఆ పిల్లను ఎక్కడైనా చూస్తే తప్పుకుని పోతాను. కానీ ఆ పొద్దున, మోకాళ్ల దాకా తడిసి, ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు చూస్తూ కూర్చున్న పిల్ల ఉంది చూడండి, అది మాత్రం నాకు నచ్చుతుంది.